ఒకే సరస్సు - ఐదు వందల రకాల చేపలు



ఈ వేళ చెప్పుకోబోయేది చేపల సంగతి. చేపలంటే తెలియనిదెవరికి? చెరువులో వల వేస్తే పరిగెలు పడతాయి. జెల్లలు పడతాయి. బొమ్మిడాయిలు, వాలుగలు, కొర్రమీనులు పడతాయి. చూడగానే ఏది ఏదో చెప్పేస్తారు. పులుసుకు ఏది బాగుంటుందో, వేపుడుకు ఏది బాగుంటుందో కూడా చెప్పేస్తారు.

అయితే ఒక ప్రశ్న. ఇన్ని రకాల చేపలు ఎట్లా వచ్చాయి? మొదటినుంచీ ఇట్లాగే ఉన్నాయా? లేక ఒక రకం నుంచి ఇంకో రకం పుడుతుందా?

శాస్త్రవేత్తలు దీనికి జవాబు చాలాచోట్ల వెతికారు. ఒక సరస్సులో ఆ జవాబు కళ్లకు కట్టినట్టు దొరికింది. ఆ సరస్సు ఆఫ్రికాలో ఉంది. దాని పేరు విక్టోరియా సరస్సు. ఈ కథ సగం ఆశ్చర్యం. మిగతా సగం దుఃఖం. రెండూ తెలుసుకోవలసిందే.

సముద్రంలాంటి సరస్సు

ఆఫ్రికా ఖండంలో తూర్పు వైపున ఉగాండా, కెన్యా, టాంజానియా అనే మూడు దేశాలున్నాయి. ఆ మూడింటి నడుమ ఈ సరస్సు ఉంది. విక్టోరియా అనే పేరు అక్కడివాళ్లు పెట్టుకున్నది కాదు. 1858లో స్పీక్ అనే ఇంగ్లీషు యాత్రికుడు అక్కడికి వెళ్లాడు. తమ రాణి పేరు దానికి పెట్టాడు. ఉగాండాలో గండా భాష మాట్లాడేవాళ్లు దీన్ని నలుబాలె అంటారు.

సరస్సు విస్తీర్ణం సుమారు 68,800 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణ రాష్ట్రంలో సగానికంటే ఎక్కువ! ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనబడదు. అలలు కూడా లేస్తాయి. కాని ఉప్పునీళ్లు కావు. అన్నీ మంచినీళ్లే. ఎంత లోతైన చోటైనా 80 మీటర్లు, అటూ ఇటూ.

ఈ సరస్సులో చిన్న చిన్న చేపలున్నాయి. కొన్ని వేలెడంత. కొన్ని జానెడంత. టాంజానియా వైపు ఒడ్డున వీటిని ఫురు అంటారు. శాస్త్రవేత్తలు వీటి కుటుంబానికి సిక్లిడ్లు అని పేరు పెట్టారు. బజారులో అమ్మే తిలాపియా చేప చూశారు గదా! అదీ ఈ కుటుంబంలోదే. అదీ ఆఫ్రికా చేపే. 1952లో దాన్ని భారతదేశానికి తెచ్చారు.

ఫురు చేపలన్నీ ఒకటే రకం అనుకునేరు! కాదు. ఈ ఒక్క సరస్సులోనే సుమారు 500 రకాలున్నాయని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మన చెరువులో జెల్లకూ కొర్రమీనుకూ దగ్గరి చుట్టరికం లేదు. ఫురులు అట్లా కాదు. ఆ 500 రకాలూ దగ్గరి చుట్టాలే. ఒకే ఇంటి పిల్లల్లాంటివి.

మరి చుట్టాలైతే వేరు వేరు రకాలని ఎందుకనాలి? ఎందుకంటే ఒక రకం చేప తన రకంతోనే జతకడుతుంది. దాని పిల్లలూ అంతే. ఇట్లా తమలో తాము జతకట్టే గుంపును శాస్త్రంలో 'జాతి' అంటారు.

ఎండిన సరస్సు మళ్లీ నిండింది

సరస్సు అడుగున బురద ఉంటుంది. ఏటేటా కొత్త బురద పాత బురద మీద చేరుతుంది. పొరలు పొరలుగా పేరుకుంటుంది. శాస్త్రవేత్తలు పొడవాటి గొట్టం దింపి ఆ బురద పైకి తీశారు. పై పొర కొత్తది, కింది పొర పాతది. ఇంట్లో పాత చీరల మీద కొత్త చీరలు మడిచి పెట్టినట్టన్నమాట.

కింది పొరల్లో ఒకచోట సరస్సు ఎండిపోయిన గుర్తులు కనబడ్డాయి. అంటే ఒకప్పుడు అక్కడ సరస్సు లేదు. నేల ఎండి, గడ్డి మొలిచింది. తరవాత వానలు పెరిగాయి. దాదాపు 15 వేల ఏళ్ల క్రితం సరస్సు మళ్లీ నిండడం మొదలైంది.

మరి చేపలు ఎక్కడినుంచి వచ్చాయి? చుట్టుపక్కల నదుల నుంచి, చిన్న సరస్సుల నుంచి వచ్చాయి. ఈ చేపల జన్యువులను శాస్త్రవేత్తలు పరీక్షించారు. జన్యువులంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే గుణాల మూట. ఆ పరీక్ష ఫలితం 2017లో బయటికి వచ్చింది. చాలా కాలం క్రితమే రెండు వేరు వేరు నదుల చేపలు కలిశాయి. ఒకటి కాంగో నది వైపు వంశం. ఇంకోటి నైలు నది వైపు వంశం. ఆ రెండు వంశాల కలయిక నుంచే ఫురులు వచ్చాయి. రెండిళ్ల విత్తనాలు ఒక్క గంపలో కలిసినట్టు, వాటిలో రకరకాల గుణాలు చేరాయి.

15 వేల ఏళ్లు చాలా కాలం అనిపిస్తుంది. కాని భూమి వయసు ముందు అది రెప్పపాటు. అంత కొద్దికాలంలో ఒకే సరస్సులో ఇన్ని వందల రకాలు విడివడ్డాయి. వెన్నెముక ఉన్న జీవాల్లో ఇంత వేగంగా ఇన్ని జాతులు ఏర్పడడం బహు అరుదు.

నోరే పనిముట్టు

వంటింట్లో పట్టకారు చేసే పని జల్లెడ చేయదు. కత్తిపీట చేసే పని చాట చేయదు. ఫురు చేపల నోళ్లు కూడా ఇట్లాంటివే.

కొన్ని ఫురులు రాళ్లమీది పాకుడు గీరి తింటాయి. వాటి పళ్లు చిన్నవి, దువ్వెన పళ్లలాగా వరసగా ఉంటాయి. కొన్ని నత్తలను తింటాయి. వాటి దవడలు అడకత్తెరలాగా గట్టివి. గుల్లను పటుక్కున పగలగొడతాయి. కొన్ని బురదలో పురుగులు ఏరుకుంటాయి. కొన్ని చిన్న చేపలను మింగుతాయి. ఇంకొన్ని మరీ విచిత్రం. అవి వేరే చేపల పొలుసులు పీక్కుని తింటాయి!

ఈ చేపలకు ఇంకో విశేషం ఉంది. నోట్లో ఒక దవడ, గొంతులో ఇంకో దవడ ఉంటాయి. నోటి దవడ ఆహారం పట్టుకుంటుంది. గొంతు దవడ నములుతుంది. రెండింటికీ పని పంచారు గనక ఏ పనికి తగ్గట్టు ఆ దవడ మారడానికి వీలుంది.

ఎట్లా మారింది? చేప తనంతట తాను 'నా దవడ గట్టిపడాలి' అనుకోలేదు. ఎవరూ మార్చి పెట్టనూ లేదు. ఒక తల్లి పిల్లలందరూ ఒక్కలా ఉండరు గదా! చేప పిల్లలూ అంతే. కొన్నిటికి దవడ కాస్త గట్టిగా ఉంటుంది. కొన్నిటికి మెత్తగా ఉంటుంది. నత్తలు ఎక్కువున్న చోట గట్టి దవడ పిల్లకు కడుపు నిండుతుంది. అది బతుకుతుంది. పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలకూ గట్టి దవడే వస్తుంది. మెత్తని దవడ పిల్ల అక్కడ మాడుతుంది. కాని పాకుడు ఉన్నచోట అదే బాగా బతకవచ్చు.

రైతు ఇంట్లో ఆడవాళ్లు మంచి గింజలు ఏరి విత్తనానికి దాస్తారు. ఏటేటా అట్లా ఏరితే కొన్నేళ్లకు పంటే మారుతుంది. సరస్సులో ఏరే చెయ్యి లేదు. తిండి, లోతు, శత్రువు, ఇవే ఏరుతాయి. వేల తరాలు ఇట్లా జరిగితే రకాలు విడిపోతాయి. దీన్నే శాస్త్రంలో పరిణామం అంటారు.

ఎంచుకునేది ఆడ చేప

తిండి ఒక్కటే కారణం కాదు. ఇంకో గట్టి కారణం ఉంది. అది ఆడ చేప ఎంపిక.

ఫురు ఆడ చేప గుడ్లు పెట్టి వదిలేసి పోదు. గుడ్లను నోట్లో పెట్టుకుంటుంది. పిల్లలయ్యే దాకా నోట్లోనే మోస్తుంది. సుమారు మూడు వారాలు! ఆ రోజుల్లో సరిగా తిండి తినదు. పిల్లలు బయటికి వచ్చాక కూడా ఆపద వస్తే మళ్లీ నోట్లోకి తీసుకుంటుంది. పెంపకం భారమంతా తల్లిదే. మగ చేపకు ఇందులో పాలు లేదు.

అంత భారం మోసేది కాబట్టి ఆడ చేప మగ చేపను ఊరికే ఒప్పుకోదు. చూసి, ఎంచి జతకడుతుంది. ఆడ చేపలు మట్టి రంగులో ఉంటాయి. మగ చేపలు మాత్రం పండగ బట్టలు కట్టినట్టు మెరుస్తాయి. ఎరుపు, నీలం, పసుపు. ఆడ చేప ముఖ్యంగా ఆ రంగు చూస్తుంది.

వెలుతురు గీసిన గీత

టాంజానియాలో మ్వాంజా అనే ఊరి దగ్గర సరస్సు ఒక పాయలాగా నేలలోకి చొచ్చుకు వచ్చింది. అక్కడి రాళ్ల దీవుల దగ్గర రెండు రకాల ఫురులున్నాయి. ఒకదానిలో మగవి నీలంగా ఉంటాయి. ఇంకోదానిలో మగవి ఎర్రగా ఉంటాయి. ఎర్రదాని శాస్త్రీయ నామంలో జూలియస్ నైరేరే పేరుంది. ఆయన టాంజానియా మొదటి అధ్యక్షుడు.

నీలం చేపలు పైన, తక్కువ లోతులో ఉంటాయి. ఎర్ర చేపలు కొంచెం కింద ఉంటాయి. రెండు ఇళ్ల నడుమ దూరం కొన్ని మీటర్లే. గోడ లేదు, కంచె లేదు. మరి ఎందుకు కలవవు?

కారణం వెలుతురు. ఎండలో అన్ని రంగులూ కలిసి ఉంటాయి. ఆ సరస్సు నీళ్లలో సన్నని మట్టి రేణువులు, నాచు కణాలు ఉంటాయి. కిందికి పోయేకొద్దీ అవి నీలి వెలుతురును ఆపేస్తాయి. లోతుకు ఎక్కువగా పసుపు, ఎరుపు వెలుతురే దిగుతుంది. అందుకే పైన నీలం రంగు మెరుస్తుంది. కింద ఎరుపు రంగు మెరుస్తుంది.

చేపల కళ్లు కూడా దానికి తగ్గట్టే ఉన్నాయి. లోతులో ఉండే చేపల కళ్లు ఎరుపును బాగా పడతాయి. పైన ఉండే వాటి కళ్లు నీలి వెలుతురున్న నీళ్లకు తగ్గట్టుంటాయి. కాబట్టి కింది ఆడ చేప ఎర్ర మగవాణ్ణి ఎంచుకుంటుంది. పైనున్న ఆడ చేప నీలం మగవాణ్ణి ఎంచుకుంటుంది. ఇట్లా వెలుతురే రెండు రకాల నడుమ గీత గీసింది.

ఈ మాట నిజమా కాదా అని శాస్త్రవేత్తలు పరీక్ష పెట్టారు. గాజు తొట్లలో చేపలను ఉంచారు. మామూలు వెలుతురులో ఆడ చేపలు తమ రకం మగవాటినే ఎంచుకున్నాయి. తరవాత ఎర్రదీ నీలందీ ఒక్కలాగే కనబడే నారింజ రంగు దీపం పెట్టారు. అప్పుడు ఆడ చేపలు తేడా చూపలేదు. ఎవరు పిలిస్తే వారి దగ్గరికి పోయాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. చేపల్లో ఇన్ని జాతులున్నాయి గదా, మనుషుల్లో కులాలు, మతాలు కూడా ఇట్లాంటివేనా అని ఎవరైనా అనవచ్చు. కావు. ఎంతమాత్రం కావు. కులం మనిషి పెట్టుకున్నది. నలుపు, తెలుపు, పొడుగు, పొట్టి ఎవరైనా సరే, ప్రపంచంలోని మనుషులంతా ఒకే జాతి. శాస్త్రం చెప్పేది ఇదే.

పెద్ద చేప వచ్చింది

ఇంతవరకూ ఆశ్చర్యం. ఇక దుఃఖం.

ఫురు చేప చిన్నది. దానికి ముళ్లెక్కువ. పెద్ద చేపలుంటే బాగా డబ్బు వస్తుందని అప్పటి అధికారులు అనుకున్నారు. 1950లలో, 1960ల మొదట్లో నైలు పెర్చ్ అనే చేపను తెచ్చి సరస్సులో వదిలారు. కోస్తాలో దొరికే పండుగప్పకు ఇది దగ్గరి చుట్టం. కాని దానికంటే చాలా పెద్దది. రెండు మీటర్ల పొడవు దాకా పెరుగుతుంది. 200 కిలోల బరువు దాకా తూగుతుంది. చేపలను తినే చేప.

కొన్నేళ్లు ఏమీ జరిగినట్టు కనబడలేదు. 1980లు వచ్చేసరికి నైలు పెర్చ్ సరస్సంతా నిండిపోయింది. ఫురు తల్లి ఒక్కసారికి కొద్దిపాటి గుడ్లే పెడుతుంది. నైలు పెర్చ్ లక్షల కొద్దీ గుడ్లు పెడుతుంది. ఇక ఫురు ఎట్లా తట్టుకుంటుంది? ఒకప్పుడు మ్వాంజా దగ్గర వల నిండా ఫురులే. కొన్నేళ్లలోనే వల ఖాళీ. సుమారు 200 రకాలు కనబడకుండా పోయాయని అంచనా. 15 వేల ఏళ్లలో ఏర్పడింది పది, పదిహేనేళ్లలో చెదిరిపోయింది.

ఒడ్డున బతికే ఆడవాళ్ల మీద కూడా ఈ దెబ్బ పడింది. చిన్న చేపను ఎండలో ఆరబెట్టి అమ్ముకోవడం వాళ్ల పని. నైలు పెర్చ్ కొవ్వు చేప. ఎండలో ఆరదు. పొగ పెట్టాలి. పొగకు కట్టెలు కావాలి. దాంతో ఒడ్డున చెట్లు నరికారు. తరవాత ఫ్యాక్టరీలు వచ్చాయి. మంచి ముక్కలు కోసి, మంచుపెట్టి యూరప్ దేశాలకు పంపాయి. కొందరికి పని దొరికింది. దేశాలకు డబ్బు వచ్చింది. కాని చాలామంది చిన్న వ్యాపారస్థురాళ్లకు పెద్ద చేప కొనే పెట్టుబడి లేదు. ఫ్యాక్టరీ పారేసిన తలలు, ముళ్లగూళ్లు కొని, వేపి అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. దగా అనే చిన్న వెండి చేప మాత్రం మిగిలింది. దాన్ని ఆరబెట్టి అమ్మడమే ఎంతోమంది ఆడవాళ్లకు ఆధారమైంది.

నీళ్లు మసకబారితే

తప్పు ఒక్క నైలు పెర్చ్‌దే కాదు. సరస్సు చుట్టూ జనం పెరిగారు. అడవులు తగ్గాయి. పొలాల మట్టి, ఎరువు, ఊళ్ల మురుగు సరస్సులోకి చేరాయి. ఎరువుతో పొలం పెరిగినట్టే నీళ్లలో నాచు పెరిగింది. నీళ్లు పచ్చగా, మసకగా మారాయి. నాచు చచ్చి కుళ్లితే అడుగు నీళ్లలో చేపకు ఊపిరి అందదు. 1990 ప్రాంతంలో గుర్రపుడెక్క కూడా వచ్చి కమ్మింది. మన చెరువుల్ని కమ్మే గుర్రపుడెక్కే అది.

నీళ్లు మసకబారితే ఇంకో నష్టం జరిగింది. అది ఎవరూ ఊహించనిది. ఓలే సీహౌసెన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 1997లో ఆ సంగతి ప్రకటించారు. మసక నీళ్లలో రంగులు కనబడవు. రంగు కనబడకపోతే ఆడ చేప తన రకం మగవాణ్ణి గుర్తుపట్టలేదు. వేరు వేరు రకాలు కలిసిపోతాయి. మకోబె అనే దీవి దగ్గర నీళ్లు తేటగా ఉన్నాయి. అక్కడ ఎర్ర చేప ఎర్రగా, నీలం చేప నీలంగా ఉన్నాయి. లువాన్సో అనే దీవి దగ్గర నీళ్లు మురికి. అక్కడ రెండు రకాల తేడా లేదు. ఒకటే కలగలుపు రకం ఉంది.

ఆలోచించి చూడండి. ఆ ఆడ చేపను ఎవరూ చంపలేదు. వల వేసి పట్టలేదు. నీళ్లు మసకబారాయి, అంతే. ఆమె ఎంపిక పోయింది. ఆ ఎంపికతో పాటు ఒక జాతే పోయింది.

జాతులు పోతే ఏమవుతుందని అడగవచ్చు. పాకుడు తినే చేప పోతే పాకుడు పెరుగుతుంది. కుళ్లు తినే చేప పోతే కుళ్లు మిగులుతుంది. నత్తలు తినే చేప పోతే నత్తలు పెరుగుతాయి. కొన్ని రకాల నత్తల వల్ల మనుషులకు జబ్బులొస్తాయి. ఇంట్లో పదిమంది పంచుకున్న పనిని ఒక్కరే చేయగలరా? సరస్సు కూడా అంతే.

మిగిలిన ఆశ

అంతా పోలేదు. 1990ల నుంచి జనం నైలు పెర్చ్‌ను ఎక్కువగా పట్టసాగారు. అది కాస్త తగ్గింది. కొన్ని రకాల ఫురులు తిరిగి కనబడ్డాయి. అవి మునుపటిలా లేవు. కొన్నిటి మొప్పలు పెద్దవయ్యాయి. ఊపిరి తక్కువ అందే నీళ్లలో బతకాలంటే పెద్ద మొప్పలు కావాలి గదా! కొన్నిటి తిండి మారింది. అంటే జీవం మారుతూనే ఉంది. కొన్ని రకాలను విదేశాల్లో జంతుప్రదర్శన శాలల వాళ్లు గాజు తొట్లలో కాపాడుతున్నారు.

కాని తొట్టిలో దాచినది సరస్సుకు సాటి కాదు. తిరిగి వచ్చిన కొన్ని, పోయిన అన్నిటికీ బదులు కావు. ఒకసారి పోయిన జాతిని ఎంత డబ్బు పోసినా కొనలేరు.

ఈ కథ ఆఫ్రికాది. కాని నీళ్లకు దేశం తేడా లేదు. ఎక్కడైనా చెరువులో మురుగు కలిస్తే, ముందువెనకా చూడకుండా కొత్త చేపను వదిలితే, నష్టం కంటికి కనబడేలోపే జరిగిపోతుంది. తేటనీరు తాగడానికే కాదు. అందులో బతికే జీవాల చూపుకూ, ఎంపికకూ, వంశానికీ కూడా ఆ తేటదనమే ఆధారం.

ఇళ్లకు వెళ్లాక పెద్దవాళ్లను అడగండి. వాళ్ల చిన్నప్పుడు మీ ఊరి చెరువులో ఏ ఏ చేపలుండేవి? ఇప్పుడు ఏవి ఉన్నాయి? ఏవి పోయాయి? ఎప్పటినుంచి పోయాయి? ఆ పేర్లు ఒక కాగితం మీద రాయండి. పదిమందీ కూర్చుని చదువుకోండి. ఉన్నవాటిని నిలుపుకోవడానికి ఏం చేయాలో అక్కడే మాట్లాడుకోండి.